కళ్ళారా చూశానన్న మాట

"ఎక్కడ దాసినావో నువ్వే సెప్పు మావా. నానుగా ఎతికి తీసినాననుకో, బాగోదు."

నూకాలు అప్పటికే అటక మీది పాత వలలన్నీ కిందకి లాగేసింది. బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికింది. పెరట్లో ఐసు పెట్టె బోర్లించి చూసింది. సీసా లేదు, సీసా మూత లేదు, కనీసం వాసనైనా లేదు. దొరకనందుకు ఆమె కోపం తగ్గాల్సింది పోయి రెట్టింపయింది. ఇంత నేర్పుగా దాచగలిగిన మనిషి ఇంకేమేం దాచాడో అనిపించింది.

సింహాద్రి గుమ్మం పక్కన గోడకి చేరబడి కాళ్ళు జాపుకుని కూర్చున్నాడు. లుంగీ ముడి పైన పొట్ట బోర్లించిన బిందెలా ఉంది. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. బోటు డ్రైవరుగా ఇరవై రెండేళ్ళు సముద్రం మీద తిరిగిన మనిషి, రెండు రోజులుగా పెరట్లోకి నాలుగడుగులు వెయ్యాలంటే రెండు చోట్ల ఆగుతున్నాడు.

"తాగితే గదే దాయడానికి. ఏడు నెలలైంది. సుక్క ముట్టనేదు."

"ముట్టకపోతే పొట్టెలా వచ్చింది? గాలికొచ్చిందా?"

"నాకేటి తెలుసు? డాట్రుని అడుగు."

"డాట్రు మొదటిసారే సెప్పినాడు. తాగితే మళ్ళీ వత్తాదని సెప్పినాడా, నేదా? మళ్ళీ వచ్చిందా, నేదా?"

సింహాద్రి కాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు. మాఘమాసంలో ఒకసారి, ఉగాదికి ముందు ఒకసారి ఆసుపత్రిలో చేరాడు. రెండుసార్లూ పొట్టలో నీరు తీసి పంపించారు. ఇంటికొచ్చిన నెలకల్లా మళ్ళీ మొదటికొచ్చింది. ఇప్పుడిది మూడోసారి.

"వేట ఆపేసిన కాడ్నించి మధ్యాన్నమయితే సాలు, బోట్ల నీడకి ఎల్లి కూకుంటన్నావు. అక్కడ అందరూ ఏటి సేత్తన్నారో పేటంతా తెలుసు. నువ్వొక్కడివే జపం సేత్తన్నావా?"

"కూకుంటన్నాను. ఇంట్లో ఉంటే నీ నోటికి తట్టుకోనేక ఎల్లి కూకుంటన్నాను. అందులో తప్పేటి?"

నలభై అయిదు రోజుల వేట నిషేధంలో పాతిక రోజులు గడిచాయి. పెదజాలారిపేటలో మగాళ్ళకి పనిలేదు, పొద్దుపోదు. పేకాటతో మొదలైన కూడిక సాయంత్రానికి దేనితో ముగుస్తుందో నూకాలుకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ కూడికలో ఒకప్పుడు అందరికంటే ముందుండే మనిషి ఈయనే. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టి నిన్నమొన్నటి దాకా "ఇదే ఆఖరు" అని ఈయన వేసిన ఒట్లు లెక్కపెడితే పేటలో తలకొకటి చొప్పున పంచొచ్చు.

"అమ్మా, ఆటో వచ్చింది." ఆశ వాకిట్లోంచి పిలిచింది. మద్దిలపాలెంలో బట్టల కొట్లో పనిచేసే పిల్ల. పొద్దున్నే ఎస్టీడీ బూతుకి వెళ్ళి, యజమానికి ఫోన్ చేసి రెండు రోజులు సెలవడిగి వచ్చింది.

సింహాద్రి గోడ పట్టుకుని లేచాడు. ఆయాసం కాస్త సర్దుకున్నాక కూతుర్ని దగ్గరికి రమ్మన్నాడు.

"నువ్వైనా నమ్ముతావా నేదా అమ్మా? నీ నెత్తి మీద సెయ్యేసి సెప్తన్నాను. నాను..."

నూకాలు ఒక్క అంగలో వచ్చి ఆ చేతిని విసిరికొట్టింది.

"పిల్ల నెత్తి మీద ఒట్టెయ్యకు! దానికేటైనా అయితే నిన్ను బతకనివ్వను."

సింహాద్రి తన చెయ్యి వంక చూసుకున్నాడు. ఆశ తండ్రి వంక చూసింది, తల్లి వంక చూసింది. నమ్ముతున్నానని అనలేదు, నమ్మనని కూడా అనలేదు. సంచి తీసుకుని ఆటో వైపు నడిచింది. ఆ పిల్ల ఏదో ఒకటి అనుంటే బాగుండేదని సింహాద్రి ముఖం చూస్తే తెలుస్తుంది. నూకాలు ఆ ముఖం చూడదల్చుకోలేదు.

బీచి రోడ్డు పొడుగునా ఆటోలో ఆశ తల్లికీ తండ్రికీ మధ్య సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

*

పెద్దాసుపత్రిలో చేర్చుకునే గది ముందు వరస గుమ్మం దాటి వరండాలోకి వచ్చింది. బల్ల మీద పడుకున్నవాళ్ళు, బల్ల దొరక్క నేల మీద కూర్చున్నవాళ్ళు. చిన్న డాక్టరమ్మ జ్యోతిర్మయి సింహాద్రిని చూడగానే గుర్తుపట్టింది.

"మళ్ళీనా! నెలే కదయ్యా అయింది."

ఆ మాటలో విసుగు లేదు. అది దిగులని తెలిసి నూకాలు ఇంకా భయపడింది. విసుక్కుంటే ఎదురు మాట్లాడొచ్చు, దిగులు పడేవాళ్ళతో ఏం మాట్లాడతాం?

జ్యోతిర్మయి పొట్ట మీద వేళ్ళతో తట్టి చూసింది, కనురెప్ప కిందకి లాగి చూసింది, పాదాన్ని బొటనవేలితో నొక్కితే పడ్డ సొట్ట ఎంతసేపటికి పూడుతుందో చూసింది. తరవాత వెళ్ళి పెద్ద డాక్టరు శ్రీరామ్మూర్తిగారిని పిలుచుకొచ్చింది.

శ్రీరామ్మూర్తిగారు రోగుల్ని తిట్టకుండా చీటీ రాసిన రోజు లేదు. అలాగని చీటీ రాయకుండా ఎవర్నీ పంపించిన రోజూ లేదు. పాత కాగితాలన్నీ తిరగేసి, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకున్నాడు.

"ఇదిగోనమ్మా, ఇక్కడున్నన్నాళ్ళూ ఇతనికి నీరు తగ్గుతోంది. ఇంటికెళ్ళగానే పెరుగుతోంది. మీ ఇంట్లో ఏముందో నాకు తెలియాలి. కూరలో ఉప్పు వేస్తున్నావా?"

"సిటికెడు కూడా నేదు బాబూ! మీరు వద్దన్న రోజే ఉప్పు జాడీ ఎదురింటి తాయారుకి ఇచ్చీసినాను. ఇంట్లో ఉంటే సెయ్యి ఊరుకోదని."

"నిజమే సార్," అంది ఆశ. "మేమిద్దరం కూడా అదే తింటన్నాం."

"మాత్రలు?"

"పూటపూటకీ నానే ఏత్తన్నాను. మింగిందాకా ఎదురుగా నిలబడతాను."

శ్రీరామ్మూర్తిగారు తల పంకించాడు. కాగితం మీద ఏదో టిక్కు పెట్టాడు. ఈసారి కాస్త నెమ్మదిగా మాట్లాడాడు.

"అయితే మిగిలినవి రెండే దారులు. ఇతను తాగుతున్నాడా, మానిపిద్దాం. దానికి వేరే డాక్టరున్నాడు, నేను రాస్తాను. ఆ తరవాత లివరు కొంతైనా కోలుకోవచ్చు, అలా కోలుకున్నవాళ్ళని చూశాను. తాగడం లేదంటావా..." ఆయన ఆగి సింహాద్రి వంక చూశాడు. "తాగకుండా, ఉప్పు తినకుండా, మాత్రలన్నీ వేసుకుంటూ కూడా నెల తిరక్కుండా ఇంత నీరు చేరిందంటే లివరు చేతులెత్తేసినట్టే. అప్పుడు నీరు తియ్యడం తప్ప నా చేతిలో ఏమీ లేదు. ఎంతకాలమని కూడా నన్నడక్కు."

సింహాద్రి నోరు తెరిచాడు. 'తాగనేదు బాబూ' అనబోతున్నాడు. ఆ మాట ఆయన పెదాల దాకా రావడం నూకాలు చూసింది. ఏడు నెలలుగా విని విని విసిగిపోయిన మాట, ఇవాళ బయటికొస్తే మొగుడు దక్కడనిపించింది.

"తాగతన్నాడు బాబూ!" అంది గట్టిగా.

"నువ్వు చూశావా? లేక అనుమానమా?"

"సూసినాను. నా కళ్ళారా సూసినాను."

ఆమె ఏమీ చూడలేదు. పొద్దున్న ఇల్లంతా తలకిందులు చేసినా చూడలేదు. బోటు మీంచి జారిపడ్డవాడికి అందిన తాడు విసిరినట్టు ఆ మాట విసిరేసింది, అంతే. విసిరాక చీర కొంగు బిగించి పట్టుకుంది.

సింహాద్రి నోరు మూసుకున్నాడు. భార్య వంక అలా చూస్తూ ఉండిపోయాడు.

"ఏమయ్యా?" అన్నాడు శ్రీరామ్మూర్తిగారు.

సింహాద్రి తల దించుకున్నాడు.

"సరే. ఇవాళ చేర్చుకుంటున్నాం. రేపు రౌండ్సుకి వస్తాను. అప్పుడు నీ నోటితో నువ్వే చెప్పాలి. వేళకి నిజం చెబితే వైద్యం చెయ్యడం నా వంతు." ఆయన చీటీ మీద సంతకం గీసి తరవాతి మనిషిని పిలిచాడు.

*

మగాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం దొరికింది. మధ్యాహ్నం జ్యోతిర్మయి సూది గుచ్చి నీరు తీసింది. గొట్టంలోంచి పచ్చటి నీరు సీసాలోకి దిగుతుంటే నూకాలు గోడ వైపు తిరిగి నిలబడింది. తీసినంతసేపూ సింహాద్రి కిక్కురుమనలేదు. అయ్యాక పెద్ద ఊపిరి తీసుకున్నాడు.

పక్క మంచం వాళ్ళది సబ్బవరం దగ్గర పల్లెటూరు. ఆయనకీ లివరే. జన్మలో తాగుడు ముట్టని రైతు. ఆయన భార్య కాశమ్మ పన్నెండు రోజులుగా మంచం కింద చాప పరుచుకుని ఉంటోంది. వచ్చిన వాళ్ళందరికీ కుళాయి ఎక్కడో, సిస్టరు ఎప్పుడు కసురుతుందో, ఎప్పుడు నవ్వుతుందో తనే చెబుతుంది.

ఆశ మందులు తేవడానికి కిందకి వెళ్ళినప్పుడు సింహాద్రి మెల్లగా అడిగాడు.

"ఒలే. ఆ పెద్ద డాట్రు సెప్పింది నిజమేనా?"

"ఏది?"

"తాగకపోయినా నీరొత్తే... ఇంకంతేనా?"

నూకాలు దుప్పటి అంచు నాలుగుసార్లు సర్దింది.

"నువ్వు తాగినావుగా. నీకేటి భయం?"

సింహాద్రి చాలాసేపు పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశాడు.

"అవును గదా," అన్నాడు చివరికి.

ఆ మాటకి ఆమెకి ఊరట కలగాలి. కలగలేదు. సాయంత్రం ఆశని తండ్రి దగ్గర ఉంచి ఇంటికి బయల్దేరినప్పుడు మెట్ల మీద రెండుసార్లు ఆగి వెనక్కి చూసింది. వెళ్ళి ఏదో అడగాలనుంది. ఏం అడగాలో తెలియలేదు.

*

మర్నాడు ఎనిమిదిన్నరకల్లా నూకాలు టిఫిను క్యారియరుతో వార్డులో ఉంది. తెల్లారకుండానే లేచి, అన్నం వార్చి, టమాటా వేసి ఉప్పుచేప పులుసు పెట్టింది. ఆసుపత్రివాళ్ళు పొద్దున్న రొట్టె, పాలు ఇస్తారు. పోయిన రెండుసార్లూ ఆసుపత్రి తిండికే వదిలేసింది గాని, రొట్టె, పాలతో మనిషి నిలబడతాడా? డాక్టరే కదా చెప్పాడు, బలానికి గుడ్డు, చేప పెట్టమని.

ఆశ తండ్రి ముఖం తడిగుడ్డతో తుడుస్తోంది. రాత్రంతా మెలకువగా ఉన్నట్టు కళ్ళు ఉబ్బాయి. నిన్న మందుల కోసం కిందకి వెళ్ళినప్పుడో ఏమో, ఒక చిన్న దువ్వెన కూడా కొనుక్కొచ్చి తండ్రి జుట్టు దువ్వింది. తిట్టుకుంటూనే దువ్వి ఉంటుంది, ఆ పిల్ల పద్ధతే అంత.

కాశమ్మ చాప చుడుతూ క్యారియరు వంక చూసింది. చూడనట్టు నటించింది.

"ఏటప్పా, నిన్నట్నించి ఏటైనా తిన్నావా?" అని అడిగింది నూకాలు.

"బన్ను తిన్నాను. టీ తాగినాను. మా పిల్లడు మధ్యాన్నానికి తెత్తానన్నాడు."

"మధ్యాన్నం దాకా ఏటుంతావు. ఇలా రా."

క్యారియరు మూతలో రెండు ముద్దల అన్నం పెట్టి, ఒక చేప ముక్క, కాస్త పులుసు వేసి ఇచ్చింది. కాశమ్మ మొహమాటపడుతూనే తీసుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. కళ్ళు చిట్లించింది. మింగడానికి ఇబ్బంది పడి చెంబులో నీళ్ళు తాగింది.

"ఓలప్పా... ఇదేటి ఇంత ఉప్పు!"

"ఉప్పెక్కడ? ఉప్పు ఎయ్యనేదు."

"నాలిక సుర్రుమంటంది!"

"అది సేపది. సేపకున్నదే. నాను పైన ఉప్పు గల్లు కూడా ఎయ్యనేదు."

చాలా తేలిగ్గా అనేసింది. వాన పడితే తడుస్తామన్నంత మామూలుగా అనేసింది.

కాశమ్మ చెంబు కింద పెట్టింది. ఎగతాళి చేసే మనిషి కాదు. మెత్తగానే అంది.

"నువ్వు ఎయ్యకపోతే మాత్రం, సేపలో ఉన్నది ఉప్పు కాదేటప్పా?"

నూకాలు నవ్వబోయింది. నవ్వు రాలేదు.

వేలు పులుసులో ముంచి నాలుకకి రాసుకుంది. ఏమీ తెలియలేదు. ఎప్పుడూ ఉండే రుచే. మళ్ళీ రాసుకుంది. పుట్టినప్పట్నుంచి తిన్న తిండి, ఆ నాలుకకి అది ఉప్పని ఎలా తెలుస్తుంది?

చేతులకి మాత్రం తెలిసింది. ఒక్కో చేపనీ చీల్చి, గుప్పెడు గుప్పెడు గల్లుప్పు కూరి, తొట్టిలో వరసలు పేర్చి, వరసకీ వరసకీ మధ్య మళ్ళీ ఉప్పు చల్లి, రెండు రోజులు నాననిచ్చి ఇసక మీద ఎండబెట్టే చేతులవి. ఉప్పు బస్తాలు ఇల్లంతా మోసిన మనిషి, ఒక్క జాడీని గడప దాటించి ఉప్పు మానేశామనుకుంది.

సింహాద్రి బోటెక్కితే వాటాతోపాటు ఇంటికి పచ్చి చేపలొచ్చేవి. జబ్బుపడి బోటు దిగాక అవి రావడం ఆగిపోయింది, ఇంట్లో ఎండబెట్టిన ఉప్పుచేపలే మిగిలాయి. మాఘమాసంలో మొదటిసారి ఇంటికి తెచ్చినప్పుడు ఉప్పు లేని పప్పు పెడితే "మట్టి తిన్నట్టుందే" అని కంచం తోసేశాడు. రెండు రోజులు అలాగే పస్తున్నాడు. మూడోరోజు ఉప్పుచేప పులుసు పెడితే కంచం ఖాళీ చేశాడు. డాక్టరు మాట దాటలేదు, మొగుడి కడుపు మాడ్చలేదు అని తన తెలివికి తనే ఎంత మురిసిపోయింది! ఎలాగూ ఉప్పు వెయ్యని కూర కదా, కాస్త రుచైనా మిగలనీ అని మూడు నీళ్ళు కడగాల్సిన చేపని ఒక్క నీరే కడిగేది. ఆయన కోసం ప్రత్యేకంగా.

ఇక్కడున్నన్నాళ్ళూ తగ్గుతోంది, ఇంటికెళ్ళగానే పెరుగుతోంది, మీ ఇంట్లో ఏముంది అని అడిగాడు పెద్ద డాక్టరు.

నూకాలు మంచం కోడు పట్టుకుని నిలబడింది. ఏడు నెలలు. ఆయన అక్షరాలా నిజం చెబుతున్నాడు. తాగలేదు. ఒక్క చుక్క కూడా తాగలేదు. ఆ సంతోషం, ఈ భయం రెండూ ఒక్కసారే ఆమె మీద పడ్డాయి.

అప్పుడే వార్డు తలుపు దగ్గర సందడి మొదలైంది. సిస్టరు అందర్నీ మంచాల దగ్గర్నుంచి లేవమంటోంది. శ్రీరామ్మూర్తిగారు రౌండ్సుకి వచ్చాడు. వెనక జ్యోతిర్మయి, ఇంకో నలుగురు కుర్ర డాక్టర్లు. రెండు మంచాలు దాటి నేరుగా కిటికీ దగ్గరికి వచ్చేశారు.

"ఏం సింహాద్రీ? ఆలోచించుకున్నావా?"

"ఆలోసించినాను బాబూ."

"చెప్పు మరి."

సింహాద్రి ఒకసారి నూకాలు వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నీకేం పర్వాలేదులే అన్నట్టుంది.

"తాగినాను బాబూ."

"ఎప్పట్నుంచి?"

"వేట ఆపేసిన కాడ్నించి. అంతకుముందూ ఉన్నాది. ఒడ్డునే. రోజుకో పావు."

ఆశ చేతిలో తడిగుడ్డ నేల మీద పడింది.

"నాన్నా! నిన్న పొద్దున్న నా నెత్తి మీద సెయ్యేసినావు."

సింహాద్రి కూతురి వైపు తల తిప్పలేదు. ఆ పిల్ల గుడ్డ తియ్యకుండానే డాక్టర్ల మధ్యలోంచి తోసుకుంటూ వెళ్ళి గుమ్మం దగ్గర వీపు తిప్పి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి.

"ఇన్నాళ్ళకి ఒప్పుకున్నాడు," అన్నాడు శ్రీరామ్మూర్తిగారు. "రాసుకో జ్యోతిర్మయీ. మానిపించే డాక్టరుగారికి చీటీ పెట్టు. తిండి సంగతి మార్చేదేం లేదు, ఇంట్లో బాగానే చూస్తున్నారు."

"రాయకండి బాబూ!"

అది తన గొంతేనని నూకాలుకి తరవాతగాని తెలియలేదు. వార్డంతా ఇటు తిరిగింది.

"నువ్వు నోరుముయ్యే," అన్నాడు సింహాద్రి. కసురుతున్నట్టు లేదు, బతిమాలుతున్నట్టుంది. "నాను సెప్పీసినాను గదా. నువ్వూరుకో."

"ఈయన తాగనేదు బాబూ."

శ్రీరామ్మూర్తిగారి ముఖం ఎర్రబడింది. "ఏమిటమ్మా మీ ఆట? నిన్న కళ్ళారా చూశానన్నావు. ఇతను ఒప్పుకున్నాక ఇవాళ కాదంటున్నావు. ఎవరి మాట రాయమంటావు నన్ను?"

"నిన్న నాను అబద్దం సెప్పినాను. నానేటీ సూడనేదు. మీరు రెండు దారులు సెప్పినారు బాబూ. అందులో ఈ మనిషి బతికే దారి అదొక్కటే కనపడింది నాకు." ఆమె క్యారియరు గిన్నె రెండు చేతులతో ఎత్తి ఆయన ముందు పెట్టింది. "ఈయనకి పెట్టింది ఇది. మాఘమాసం కాడ్నించి, రెండు పూటలా. నా సేత్తోనే పెట్టినాను."

చేప వాసనకి కుర్ర డాక్టర్లు ఒకడుగు వెనక్కి వేశారు. జ్యోతిర్మయి మాత్రం వంగి, వేలితో కాస్త పులుసు తీసి నాలుక చివర పెట్టుకుంది. వెంటనే జేబురుమాలు తీసింది.

"సార్... ఇది ఉప్పుచేప."

శ్రీరామ్మూర్తిగారు తిడతాడని అందరూ ఎదురుచూశారు. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"కూరలో ఉప్పు వేస్తున్నావా అని అడిగాను," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "మూడుసార్లూ అడిగాను. ఏ కూరని అడగలేదు." మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని కేసు షీటు అందుకున్నాడు. "ఆ రాసింది కొట్టెయ్యి. పది రోజులు పూర్తిగా ఆసుపత్రి తిండి. బయట మెతుకు ముట్టుకోడానికి వీల్లేదు. మాత్రలు అవే. నీరు చేరకపోతే ఇతనికి మంచిరోజులున్నట్టే. చేరిందా... నిన్న చెప్పిన రెండో మాటే. అది మాత్రం ఇప్పుడే ఏమీ చెప్పలేను."

వెళ్ళబోతూ ఆగాడు.

"నువ్వెందుకయ్యా తాగానన్నావు, తాగనివాడివి?"

సింహాద్రి ఉబ్బిన పాదాల వంక చూసుకున్నాడు.

"ఇది సూసినానని సెప్పీసింది బాబూ. నాను కాదంటే మీరు రెండో దారంటారు. ఇది తట్టుకోనేదు."

డాక్టర్ల గుంపు తరవాతి మంచానికి కదిలింది.

*

ఆశ గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. తల్లి పక్కన ఆగలేదు. మంచానికి అటువైపు వెళ్ళి, కింద పడ్డ తడిగుడ్డ తీసి పిండి, తండ్రి చెయ్యి పట్టుకుని కూర్చుంది. "సారీ నాన్నా," అంది. ఆయన భుజానికి తల ఆనించింది.

కాశమ్మ తన మొగుణ్ణి అటు తిప్పి పడుకోబెట్టింది. చూడకూడనివి చూడనట్టుండడం పన్నెండు రోజుల్లో ఆమెకి బాగా అలవాటైంది.

నూకాలు మంచం చివర నిలబడి సింహాద్రి పాదాల మీద చేతులు వేసింది. సొట్టలు పడ్డాయి. చేతులు తీసేసింది.

"తెలీక పెట్టినాను మావా."

"తెలుసు."

"నువ్వు తినాలని పెట్టినాను."

"తెలుసే. ఉప్పు సంగతి వదిలీ. డాట్రుకే తెలీనేదు, నీకేటి తెలుస్తాది." గొంతులో ఎక్కడా నిష్ఠూరం లేదు. "నిన్న సూసినానన్నావు. అదీ తెలుసు, ఎందుకన్నావో. అందుకే నాను కూడా సరేనన్నాను."

నూకాలుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గండం గడిచిందనుకుంది. ఇంత మంచి మనిషిని పట్టుకుని ఎన్నెన్ని మాటలన్నానని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి మిగతా రోజులు?" అన్నాడు సింహాద్రి.

"ఏ రోజులు?"

"నిన్నంటే రెండు దారులు సెప్పినాడు డాట్రు. అంతకుముందు ఎవడూ ఏ దారీ సెప్పనేదు గదే. మాఘమాసం కాడ్నించి నన్ను తాగుబోతంటన్నావు. ఇంట్లో అన్నావు. ఈదిలో అన్నావు. ఒడ్డుకొచ్చి అందరి ముందూ నా నోరు వాసన సూసినావు. వాసన నేదని తెలిసినా ఒప్పుకోనేదు. ఒక్క రోజు, ఒక్క పూట, ఈడు నిజం సెప్తన్నాడేమో అని నీకు అనిపించనేదా?"

ఆమె తల దించుకోలేదు. ఇక్కడ ఆమె దగ్గర కూడా నిజం ఉంది.

"ఇరవై ఏళ్ళు అబద్దాలే సెప్పినావు మావా. బియ్యం డబ్బాలో సీసా పెట్టి నా మీద ఒట్టేసినావు. పిల్ల పురిట్లో ఉన్నప్పుడు ఒట్టేసి ఆ సాయంత్రమే తాగొచ్చినావు. నీ అబద్దాలు నాకు అలవాటైపోనాయి. నాను మాత్రం ఏటి సెయ్యను?"

సింహాద్రి కాదనలేదు. నిజమేనన్నట్టు తలూపాడు. కాసేపటికి కూతురి చేతిని తన చేతిలో నుంచి విడిపించి, మోచేతుల మీద కొంచెం లేచి, భార్య కళ్ళలోకి చూశాడు.

"ఏడు నెలలు నిజమే సెప్పినాను నూకాలా. అది అలవాటవడానికి నీకెన్నాళ్ళు పడతాది? నాకు పది రోజులే ఉన్నాయేమో."

ఆశ కూడా తల తిప్పి తల్లి వంకే చూస్తోంది.

నూకాలు నోరు తెరిచింది. నమ్ముతున్నాను అనడానికి ఇప్పుడేం అడ్డమని ఎవరైనా అడగొచ్చు. ఆ మాట ఇవాళ అంటే కేసు షీటు మీద డాక్టరు కొట్టేయించిన రాత చూసి అన్నట్టవుతుంది తప్ప, మొగుణ్ణి చూసి అన్నట్టవదని ఆమెకి తెలుసు. ఆ సంగతి సింహాద్రికీ తెలుసు.